నీరసం, కళ్ళు తిరగడం తగ్గట్లేదు: ఫెరిటిన్ 6, బి12 148, విటమిన్ డి 13

సత్తుపల్లి_టీచర్:
అందరికీ నమస్కారం. నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్తాను. ఇద్దరు పిల్లలు. పోయిన ఎండాకాలం నుంచి ఒంట్లో సత్తువ ఉండట్లేదు. రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటగానే ఉంటోంది. కింద పడ్డ చాక్‌పీసు కోసం వంగి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, బోర్డు అంచు పట్టుకుని కాసేపు నిలబడాల్సి వస్తోంది. పై అంతస్తులో క్లాసుంటే మెట్ల మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటున్నా. తల దువ్వుకుంటే జుట్టు ఉండలు ఉండలుగా వస్తోంది.

ముందు ఊళ్ళోనే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకున్నాను. ఒకటి రెండు రోజులు హుషారుగా ఉండేది, తర్వాత మామూలే. చివరికి టౌనుకు వెళ్ళి పరీక్షలు చేయిస్తే ఇవి వచ్చాయి: హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 8.9, ఎంసీవీ 76, ఆర్‌డీడబ్ల్యూ 19, ఫెరిటిన్ 6, బి12 148, డి 13. థైరాయిడ్, షుగర్ నార్మల్.

డాక్టరు గారు రోజూ ఒక ఐరన్ టాబ్లెట్, బి12 టాబ్లెట్, వారానికోసారి విటమిన్ డి 60 వేల యూనిట్లది రాశారు. వాడబట్టి నెల దాటింది. పెద్దగా తేడా లేదు. ఐరన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, విరేచనం నల్లగా, గట్టిగా అవుతోంది. ఇంట్లో వాళ్ళేమో ఆడవాళ్ళకి ఇదంతా ఉండేదే అంటున్నారు. ఈ కళ్ళు తిరగడం వీటివల్లేనా? ఎన్నాళ్ళకు తగ్గుతుంది? దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అడ్మిన్:
సభ్యులకు మనవి. మందుల కంపెనీ పేర్లు రాయకండి. మోతాదు మార్చుకోమని ఎవరికీ చెప్పకండి, "మీ డాక్టర్ని ఇలా అడగండి" అని చెప్పండి. మిగతాదంతా రాసుకోవచ్చు.

వరంగల్_ల్యాబ్:
టీచర్ గారూ, నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్ని. రిపోర్టు ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణి కాని ఆడవాళ్ళకు హెచ్‌బీ 12, గర్భిణులకు 11 (నాలుగు నుంచి ఆరు నెలల మధ్య 10.5), మగవాళ్ళకు 13 కంటే తక్కువైతే రక్తహీనత. మీది 8.9. అంటే మెట్ల దగ్గర ఆయాసం రావడంలో వింతేమీ లేదు. ఒంటికి ప్రాణవాయువు మోసే సరుకే తక్కువైంది, ఆ లోటు పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటోంది.

ఫెరిటిన్ సంగతి చాలామందికి తెలియదు. హెచ్‌బీ వంటింట్లో డబ్బాలో ఉన్న బియ్యమైతే, ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ లెక్క, గాదెలో ధాన్యం. గాదె ఖాళీ అయ్యాకే డబ్బాలో తగ్గడం మొదలవుతుంది. అందుకే హెచ్‌బీ 12 ఉండి ఫెరిటిన్ 10 ఉన్నవాళ్ళు కూడా నీరసం, జుట్టు రాలడం అంటూ వస్తుంటారు, వాళ్ళకు "అంతా నార్మల్" అని చెప్పి పంపేస్తారు. 15 కంటే తక్కువైతే నిల్వ లేదని ఖాయం. చాలామంది డాక్టర్లు 30 లోపు ఉన్నా లోపంగానే చూస్తారు. ఇంకొకటి, ఒంట్లో జ్వరం, ఇన్ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. జ్వరం వచ్చి తగ్గిన వారంలో చేయించిన ఫెరిటిన్‌ని నమ్మకండి.

ఇప్పుడు మీ ఎంసీవీ. అది ఎర్రకణం సైజు. 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఐరన్ తక్కువైతే కణం చిన్నదవుతుంది, బి12 తక్కువైతే పెద్దదవుతుంది. మీకు రెండూ తక్కువ. అందుకే ఫెరిటిన్ 6 ఉన్నా ఎంసీవీ 76 దగ్గరే ఆగింది. ఆర్‌డీడబ్ల్యూ 19 అంటే కణాలన్నీ ఒక సైజులో లేవని. ఇలాంటి స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే నాకు కనిపించేది ఇదీ: మధ్యలో పెద్ద తెల్లటి గుంటతో పాలిపోయిన చిన్న కణాలు, వాటి పక్కనే కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కణాలు, అక్కడక్కడా ఐదారు ముక్కల కేంద్రకంతో తెల్లకణాలు. ఆ ముక్కలైన తెల్లకణం కనిపిస్తే బి12 గానీ ఫోలిక్ యాసిడ్ (ఇంకో బి విటమిన్) గానీ తక్కువేమో అడగాల్సిందే. పెరిఫెరల్ స్మియర్ (రక్తం చుక్కను స్లైడు మీద పూసి చూసే పరీక్ష) చేయించకపోతే ఒకసారి చేయించండి, ఖర్చు తక్కువ.

గోదారి_గట్టు:
అక్కా, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. నెలసరి ఎలా ఉంటోంది? ఎన్ని రోజులు? రక్తం గడ్డలు పడుతున్నాయా? ఎవ్వరూ ఈ ప్రశ్న అడగలేదు చూశారా. మాది రాజమండ్రి. నాకు ఏళ్ళ తరబడి ఐరన్ రాశారు తప్ప, రక్తం ఎటు పోతోందని ఒక్కరూ అడగలేదు. గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నాయని స్కాన్‌లో బయటపడింది. అవి తీసేదాకా ఎంత ఐరన్ మింగినా నెల తిరిగేసరికి అంతా పోయేది.

సత్తుపల్లి_టీచర్:
అవునమ్మా. రెండో కాన్పు తర్వాత నుంచి ఎక్కువే. మొదటి మూడు రోజులు రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. క్లాసు క్లాసుకీ మధ్య బాత్రూమ్‌కి పరుగే. రాత్రి పక్క మీద ప్లాస్టిక్ షీటు వేసుకుంటాను. రూపాయి బిళ్ళంత గడ్డలు పడతాయి. డాక్టరు గారు మగవారు, అడగలేదు, నేనూ ఎత్తలేదు.

గోదారి_గట్టు:
గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం, ఏడు రోజులు దాటడం, గడ్డలు, రాత్రి లేచి మార్చుకోవాల్సి రావడం, ఇందులో ఏది ఉన్నా అది ఎక్కువ రక్తస్రావమే. "మా అమ్మకీ ఇంతే" అని సరిపెట్టుకోవద్దు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళి స్కాన్ అడగండి. గర్భసంచి తీసేయించుకోమని ఎవరైనా మొదటి మాటగా అంటే ఇంకో డాక్టర్ని చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ 40 ఏళ్ళు రాకుండానే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, మా వీధిలోనే ఉన్నారు. రక్తం తగ్గించే మందులున్నాయి, లోపల అమర్చే హార్మోన్ పరికరం ఉంది, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది.

అనంతపురం_సిస్టర్:
నేను స్టాఫ్ నర్సుని. ముందు సెలైన్ గురించి. ఆ సీసాలో ఉండేది ఉప్పు నీళ్ళు, లేకపోతే గ్లూకోజు నీళ్ళు. ఐరన్ చుక్క కూడా ఉండదు. ఎక్కించగానే నరాల్లో నీటి పరిమాణం పెరిగి బీపీ కాస్త నిలబడుతుంది, అందుకే ఆ పూట తేలిగ్గా ఉంటుంది. నీళ్ళు మూత్రంలో పోగానే మళ్ళీ అదే నీరసం. విరేచనాలు, వాంతులతో నీరు పోయినవాళ్ళకు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. రక్తం లేనివాళ్ళకు దానితో పని జరగదు. పైగా గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు వరసగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మేడమ్, ఐరన్ ఎప్పుడు వేసుకుంటున్నారు?

సత్తుపల్లి_టీచర్:
పొద్దున టిఫిన్ తిన్నాక, టీ తాగి, స్కూలుకు బయల్దేరే ముందు. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోమని మందుల షాపులో చెప్పారు. క్యాల్షియం కూడా అప్పుడే వేసుకుంటున్నా.

అనంతపురం_సిస్టర్:
టీ, క్యాల్షియం, ఐరన్ మూడూ ఒకేసారి లోపలికి వెళ్తే ఐరన్‌లో ఒంటికి పట్టేది చాలా తక్కువ. టీ, కాఫీల్లోని టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు మానమని ఉంది.

మా వార్డులో పేషెంట్లకు చెప్పేది ఇదీ. ఐరన్ ఖాళీ కడుపుతో, నిమ్మకాయ నీళ్ళతోనో జామకాయ ముక్కతోనో వేసుకుంటే బాగా పడుతుంది. తిప్పుతుంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. పాలు, పెరుగు, క్యాల్షియం, గ్యాస్ టాబ్లెట్ రెండు గంటలైనా దూరంగా ఉంచాలి. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ ఐరన్‌కీ నాలుగు గంటలు ఎడం పెట్టాలి. విరేచనం నల్లగా రావడం ఐరన్ వల్లే, భయం లేదు. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే అది లోపల రక్తస్రావం, వెంటనే ఆసుపత్రికి.

ఇంకో సంగతి డాక్టర్ని అడగండి. రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని. ఐరన్ మింగగానే కాలేయంలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగులో తలుపు మూసేస్తుంది. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఐరన్ నిల్వలు తగ్గిన యువతుల మీద చూస్తే, రోజు మార్చి రోజు వేసుకున్నవాళ్ళకు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ శాతం పట్టింది. వికారం, మలబద్ధకం కూడా తేలికవ్వచ్చు. అయితే మీ హెచ్‌బీ 8.9, నెలనెలా పోతోంది కూడా. మీకు ఏది మంచిదో చూసినవాళ్ళే చెప్పాలి. మాత్ర పడకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. ఐరన్ సుక్రోజ్ అయితే విడతలు విడతలుగా, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే వెయ్యి మిల్లీగ్రాములు ఒకే పూట. ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోబెట్టి చూస్తారు. సూది దగ్గర మంటగా ఉంటే నోరు విప్పి చెప్పండి, మందు బయటికి కారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ చాలాకాలం ఉండిపోతుంది.

బాగా పడితే హెచ్‌బీ నెలకు ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగాలి. నార్మల్ వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి, ల్యాబ్ సార్ చెప్పిన గాదె నిండాలి కదా. అందరూ ఆపేసేది అక్కడే.

ప్రకృతి_బాట:
ఇన్ని రసాయనాలు ఎందుకండీ? ఐరన్ మాత్రలు ఒంటికి వేడి. బీట్‌రూట్ జ్యూసు, దానిమ్మ, ఖర్జూరం, బెల్లం రోజూ తీసుకోండి. మా అమ్మమ్మ తొంభై ఏళ్ళు మాత్ర ముట్టకుండా బతికింది.

ఉలవచారు:
ప్రకృతి గారూ, తిండి మీద మీకున్న నమ్మకం నాకూ ఉంది, డైటీషియన్‌గా నా పనే అది. కానీ ఏ తిండిలో ఎంత ఉందో చూసుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో బీట్‌రూట్‌లో వంద గ్రాములకు ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు. దానిమ్మలో ఇంకా తక్కువ. ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. వంద గ్రాముల ఉలవల్లో ఎనిమిదికి పైన, సజ్జల్లో ఆరుకు పైన, రాగుల్లో, తోటకూరలో, మునగాకులో నాలుగున్నర దగ్గర. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో ఒకటి కూడా లేదు, మనం మూడు పూటలా తినేది అదే.

ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ 2020 లెక్క. శాకాహారంలో ఉన్నదాంట్లో ఒంటికి పట్టేది కొద్ది శాతమే. కాబట్టి ఫెరిటిన్ 6 ఉన్నవాళ్ళు తిండితో మాత్రమే పైకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. మందుతో నింపి, తిండితో నిలబెట్టుకోవాలి. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, తోటకూర పులుసులో చింతపండు ఉంటుంది, అది మంచిదే. మాంసం తినేవాళ్ళయితే వారానికోసారి మేక కాలేయం వేపుడు, అందులో ఐరన్, బి12 రెండూ దండిగా ఉంటాయి. గర్భిణులు మాత్రం కాలేయం తరచుగా తినకూడదు, విటమిన్ ఎ మరీ ఎక్కువ.

పల్నాడు_పెదనాన్న:
అమ్మా, నాకు షుగర్. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నా, దానితోపాటు గ్యాస్‌కి పాంటాప్రజోల్. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, నడిస్తే దూది మీద నడుస్తున్నట్టు. అంతా షుగర్ వల్లే అనుకున్నాం. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ బి12 చేయించింది, 110 వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గుతుందట, గ్యాస్ మాత్రలతోనూ తగ్గుతుందట. షుగర్ ఉన్న నా తోటివాళ్ళందరూ ఏడాదికోసారి ఇది చూపించుకోండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

న్యూజెర్సీ_నెల్లూరోడు:
పెదనాన్న గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నాకు షుగర్ లేదు, పుట్టుకతో శాకాహారిని, గుడ్డు కూడా లేదు. ఇక్కడికొచ్చాక ఇంట్లో పెరుగు తోడుపెట్టడం మానేసి బాదం పాలకు మారాం. నాకు మొదట కనిపించింది నీరసం కాదు. మొహం కడుక్కునేటప్పుడు కళ్ళు మూసుకుంటే పక్కకు తూలేవాణ్ణి. సింకు పట్టుకోకపోతే పడిపోతానేమో అనిపించేది. నాలుక ఎర్రగా, నున్నగా, చారు తాకితే మంట. మాటలు వెతుక్కునేవాణ్ణి. హెచ్‌బీ మాత్రం నార్మల్, ఎంసీవీ నార్మల్.

దానికి కారణం ఇక్కడి డాక్టరు చెప్పారు. అమెరికాలో 1998 నుంచి పోషకాలు కలిపి అమ్మే గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. ఫోలిక్ యాసిడ్ సరిపడా ఉంటే బి12 లేకున్నా రక్తం బాగానే కనిపించవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బి12 200 నుంచి 300 మధ్య ఊగుతుంటే మిథైల్‌మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు చేస్తే తేలుతుంది. టీచర్ గారిది 148, అనుమానమే లేదు.

బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, అంతే. కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన రెండు మూడేళ్ళకు గానీ బయటపడదు. తిమ్మిర్లు, తూలడం ఉంటే మాత్రలతో కాలయాపన చేయకుండా ఇంజెక్షన్ అడగండి. నరాలకు జరిగిన నష్టం ఆలస్యమైతే పూర్తిగా వెనక్కి రాదు. నాకు ఎడమ పాదం వేళ్ళల్లో స్పర్శ ఇంకా తక్కువే.

భీమవరం_పుంత:
ఫోలిక్ యాసిడ్ మాట వచ్చింది కాబట్టి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మా భీమవరంలో పుట్టినవారే, 1895లో. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ తగ్గి రక్తం పడిపోతుంది. ఆయన్నీ అదే జబ్బు పట్టుకుని వదిలింది. మన గర్భిణులు ఈరోజు మింగే ఎర్ర మాత్రలో ఆ మనిషి పని ఉంది, ఈ సంగతి పిల్లలకు చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆదిలాబాద్_అంగన్వాడీ:
నేను అంగన్వాడీల పనిచేస్త. మా దగ్గర ఆడోళ్ళు నీరసం అని చెప్పరు, పని ఆగదు కదా. నేను వేరే తీర్ల గుర్తుపడత. బలపాలు నమిలే పిల్లలు, వడ్ల మిల్లు నుంచి తెచ్చిన బియ్యం పచ్చివి పిడికెడు పిడికెడు నోట్లో పోసుకునే కోడండ్లు, మట్టి గోడ తడిస్తే వచ్చే వాసన పడి సచ్చిపోయేటోళ్ళు. ఐరన్ తక్కువైతే గట్ల తినబుద్ధి అయితది. వాళ్ళను తిట్టొద్దు, పరీక్ష చేయించాలె. ఐరన్ ఎక్కినంక ఆ కోరిక దానంతట అదే పోతది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల 57.6 శాతం మందికి రక్తం తక్కువ, ఆంధ్రల 58.8. టీచరమ్మా, ఇది ఉండేదే అన్నోళ్ళకు చెప్పు, ఇంతమందికి ఉన్నదంటే ఊకోమని కాదు దాని అర్థం.

ఇంకోటి. రేషన్ బియ్యంల కొన్ని గింజలు తెల్లగ, వేరే తీరు ఉంటయ్, నీళ్ళల్ల తేలుతయ్. ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నరు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిల ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ లెక్క చేసినయ్, నూటికి ఒకటి లెక్కన కలిపినయ్. ఏరకుండ్రి. పీహెచ్‌సీల ఐరన్ మాత్రలు పైసలు లేకుండనే ఇస్తరు. గర్భిణులకు 180 రోజులు, కాన్పైనంక ఇంకో 180 రోజులు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నాడు పిల్లలకు నులిపురుగుల మాత్ర తప్పక వేయించుండ్రి, కొంకి పురుగు పేగుల్ల ఉండి రక్తమే తాగుతది. చెప్పుల్లేకుండ పొలంల తిరిగే పెద్దోళ్ళు కూడ డాక్టర్ని అడగాలె.

విశాఖ_ఫిజియో:
అందరూ రక్తం గురించి చెప్పారు, కళ్ళు తిరగడం గురించి నేను చెప్తాను. మూడు రకాలుగా వస్తుంటారు నా దగ్గరికి.

కూర్చుని లేస్తే, వంగి లేస్తే కళ్ళ ముందు చీకటి కమ్మి సర్దుకునేది ఒకటి. టీచర్ గారిది ఇదే. రక్తహీనతలో ఇది మామూలే, బీపీ పడిపోవడం వల్ల కూడా రావచ్చు. పడుకుని ఐదు నిమిషాలయ్యాక బీపీ చూసి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ చూడాలి. పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి, బీపీ మందులు వాడేవాళ్ళు మరీ ముఖ్యంగా.

మంచం మీద ఒత్తిగిలితే, పైన అటక వైపు చూస్తే గది మొత్తం గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోయేది రెండోది. అది లోపలి చెవిలో రేణువులు కదలడం వల్ల. దానికి ఐరన్ పనిచేయదు, తల తిప్పే చిన్న చికిత్స ఉంది, తరచుగా ఒక్క పూటలోనే తగ్గుతుంది. నెలల తరబడి బి12 సూదులు వేయించుకుంటూ దీన్ని మోస్తున్నవాళ్ళను చూశాను, బాధేస్తుంది. చీకట్లో, కళ్ళు మూసుకున్నప్పుడు తూలడం మూడోది, నెల్లూరు తమ్ముడు చెప్పినట్టు అది నరాల సంగతి.

మీకు పనికొచ్చేవి: మంచం దిగే ముందు కాళ్ళు వేలాడేసి మడమలు పైకీ కిందికీ ఓ ఇరవై సార్లు ఆడించండి. చాక్‌పీసు కోసం నడుము వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చుని లేవండి. కళ్ళు చీకట్లు కమ్మినట్టుంటే కాళ్ళు ఒకదాని మీద ఒకటి బిగించి, పిడికిళ్ళు గట్టిగా పట్టండి, రక్తం పైకి వస్తుంది. అదీ ఆగకపోతే అక్కడే కింద కూర్చోండి, సిగ్గుపడొద్దు.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి కాలు చచ్చుబడటం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఇవి నీరసం కింద లెక్క కాదు. వెంటనే 108.

కడప_కుర్రోడు:
డి మాత్ర 60 వేలది రోజూ వేసుకోవచ్చా అన్నా? ఒళ్ళు నొప్పులు తొందరగా పోతాయని మా ఫ్రెండు రోజూ వేసుకుంటున్నాడు.

అనంతపురం_సిస్టర్:
వద్దు తమ్ముడూ, ఇవాళే ఆపమని చెప్పు. డి కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, మూత్రంలో పోదు. మామూలుగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు, తర్వాత నెలకొకటో తక్కువ మోతాదో. రోజూ వేసుకుంటే రక్తంలో క్యాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నాడు కాబట్టి డి, క్యాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించి డాక్టరుకు చూపించమను.

సత్తుపల్లి_టీచర్:
అందరికీ చేతులెత్తి దండం. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి నెలసరి వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇచ్చాను, నోటితో చెప్పే ఇబ్బంది తప్పింది. స్కాన్‌లో గర్భసంచి లోపలి గోడకు ఆనుకుని ఒక గడ్డ ఉంది. ఆపరేషన్ మాట తర్వాత, ముందు రక్తం పెంచుదామన్నారు. నెలసరి ఎక్కువయ్యే ఆ మూడు రోజులకు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ రాశారు. ఐరన్ నరానికి ఎక్కించారు. బి12 ఇంజెక్షన్లు రోజు మార్చి రోజు మొదలుపెట్టి, ఇప్పుడు నెలకొకటికి వచ్చాయి.

మొదట తగ్గింది నీరసం కాదు. రాత్రుళ్ళు కాళ్ళు లాగడం, ఊరికే కదిలించాలనిపించడం పోయింది, అది కూడా ఐరన్ వల్లేనని నాకు తెలియదు. తర్వాత ఆయాసం. మెట్ల మలుపులో ఆగకుండా ఎక్కుతున్నా. కళ్ళు తిరగడం బాగా తగ్గింది, ఖాళీ కడుపుతో ఉన్న రోజు ఇంకా వస్తోంది. జుట్టు రాలడం మాత్రం అలాగే ఉంది. హెచ్‌బీ 11.4, ఫెరిటిన్ 92. టీ పదిన్నర ఇంటర్వెల్‌కి మార్చాను.

వరంగల్_ల్యాబ్:
చాలా సంతోషం మేడమ్. నరానికి ఎక్కించిన కొత్తలో ఫెరిటిన్ ఎక్కువగానే చూపిస్తుంది, ఎనిమిది నుంచి పన్నెండు వారాలయ్యాక చేయించిందే లెక్క. ఇంకో రెండు మూడు నెలలకు మళ్ళీ చూపించుకోండి. జుట్టుకు కొన్ని నెలలు పడుతుంది. కార్బాక్సీమాల్టోజ్ ఎక్కించుకున్నవాళ్ళకు ఎవరికైనా కొన్ని వారాల్లో ఎముకల నొప్పి, కొత్తరకం నీరసం వస్తే ఫాస్ఫరస్ చేయించమని అడగాలి, ఆ మందు వల్ల ఒంట్లో ఫాస్ఫరస్ తగ్గిపోవచ్చు.

ఇంకోటి, అందరికీ. మూడు నెలలు సరిగ్గా ఐరన్ వాడినా ఎంసీవీ 65, 70 దగ్గరే ఉండి, ఎర్రకణాల లెక్క మాత్రం ఎక్కువ ఉండి, ఫెరిటిన్ బాగుంటే అది ఐరన్ లోపం కాదు. తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త లక్షణం) కావచ్చు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హెచ్‌బీ ఎ2 అనే రకం ఎంతుందో చూస్తారు. దానికి ఐరన్ అక్కర్లేదు, పెళ్ళి కాని పిల్లలుంటే మాత్రం తప్పక తెలుసుకోవాలి.

కొత్తగూడెం_కొడుకు:
అన్నలూ అక్కలూ, ఇదంతా చదివి అడుగుతున్నా. మా అమ్మకి 62. నెలసరి ఆగి పదిహేనేళ్ళ పైనే. హెచ్‌బీ 8.1, ఫెరిటిన్ 9. మూడు నెలలుగా ఐరన్ వాడుతోంది, 8.4 దాకా వచ్చి ఆగింది. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటుంది. బలానికి టానిక్ రాసిచ్చారు. ఇంకో ఐరన్ మార్చి చూడమంటారా?

అనంతపురం_సిస్టర్:
తమ్ముడూ, ఐరన్ మార్చడం కాదు ముందు చేయాల్సింది. నెలసరి ఆగిన ఆడవాళ్ళకు, ఏ వయసు మగవాళ్ళకైనా ఐరన్ లోపం వచ్చిందంటే రక్తం కడుపులోనో పేగుల్లోనో పోతోందేమో చూడాల్సిందే. అల్సర్, మొలలు, పెద్దపేగులో గడ్డ, ఏదైనా కావచ్చు. పెద్దపేగు క్యాన్సర్ కొందరిలో మొదట బయటపడేది ఇలా రక్తహీనతగానే. భయపెట్టడానికి కాదు, ముందుగా దొరికితే నయమయ్యే జబ్బు కాబట్టి చెప్తున్నా. గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (కడుపులోకి, పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్షలు) అవసరమా అని అడగండి. హెచ్ పైలోరీ అనే కడుపులోని బ్యాక్టీరియా ఉందేమో కూడా చూడమనండి, అది ఉంటే ఐరన్ పట్టదు. ఈ వారంలోనే వెళ్ళండి.

మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో కొనే మాత్రలు వాడుతున్నారా అమ్మ?

కొత్తగూడెం_కొడుకు:
అవునక్కా. రోజూ ఒకటి, ఒక్కోరోజు రెండు. డైక్లోఫెనాక్. చాలా ఏళ్ళ నుంచి.

అనంతపురం_సిస్టర్:
ఆ స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్ళండి, డాక్టరుకు చూపించండి. ఆ మాత్రలు కడుపు లోపలి పొరను తినేసి అల్సర్లు చేస్తాయి, నొప్పి తెలియకుండానే రక్తం కారుతూ ఉండొచ్చు. చూపించేదాకా అవి ఆపి, నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చా అని ఈరోజే మీ డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే మాత్రం అడగకుండా ఆపొద్దు. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకోండి, ఏ నెల నుంచి హెచ్‌బీ తగ్గుతూ వచ్చిందో వాళ్ళకు కావాలి. కొలనోస్కోపీకి వారం ముందు ఐరన్ మాత్రలు ఆపమంటారు, లేకపోతే నల్లటి మలం అడ్డొచ్చి లోపల సరిగ్గా కనిపించదు, ఎప్పుడు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి రాసుకోండి. ఈలోపు అమ్మ రాత్రిపూట బాత్రూమ్‌కి ఒక్కతే వెళ్ళకుండా చూడండి, దారిలో లైటు వేసి ఉంచండి.